పది అడుగుల్లో పదిహేడో వంతు

ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఊరి వెనకాల లేచిన కొండ లోపల ఉన్నదంతా ఉప్పే. కంచు యుగం నాటికే అక్కడి జనం కొండ కడుపులోకి సొరంగాలు తవ్వి, ఉప్పు కొట్టి, తోలు బుట్టల్లో వీపున వేసుకుని బయటికి మోసేవారు. 2003లో ఆ పాత గనుల్లో వియన్నా ప్రకృతిశాస్త్ర మ్యూజియం వాళ్లు తవ్వుతుండగా ఒక చెక్క మెట్లవరస బయటపడింది. పొడవు సుమారు 8 మీటర్లు. వెడల్పు మీటరు పైచిలుకు. కలపలోని వలయాలు లెక్కపెడితే ఆ మాన్లు నరికింది క్రీ.పూ. 1344, 1343 సంవత్సరాల్లో అని తేలింది. ఉప్పులో ఊరి ఉన్నందువల్ల చెక్క పుచ్చలేదు, చివకలేదు. యూరప్‌లో ఇప్పటిదాకా దొరికిన చెక్కమెట్లలో ఇంతకన్నా పాతవి లేవు.

పాతదనాన్ని పక్కన పెట్టినా దాని పనితనం ముచ్చటేస్తుంది. రెండు పక్కలా రెండు పొడవాటి దుంగలు, వాటి లోపలివైపు పొడుగునా తొలిచిన గాడి. మెట్టు పలకల కొసలు ఆ గాడిలో కూర్చుంటాయి. పలకను ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో తిప్పి నిలపవచ్చు. సొరంగం నిటారుగా ఉన్నా, వాలుగా ఉన్నా మెట్టు మాత్రం కాలి కింద బల్లపరుపుగానే ఉంటుంది. ముక్కలన్నీ ముందే చెక్కుకుని, లోపలికి మోసుకెళ్లి, అక్కడ బిగించుకునే ఏర్పాటు ఇది. సొరంగం వాలు ముందుగా తెలియదు కాబట్టి ఆ వడ్రంగి ముందుగా లెక్కే వేయలేదు. కొలతను చోటికే వదిలేసే కీలు ఒకటి కనిపెట్టి పెట్టుకున్నాడు.

తర్వాతి మూడువేల ఏళ్లలో మెట్లు చేసినవాళ్లకు ఆ వెసులుబాటు దక్కలేదు.

ఇంట్లో మెట్లు చేయాలంటే ముందు ఒప్పుకోవలసిన నిజం ఒకటుంది. ఎత్తు ఎంతన్నది మెట్లు చేసేవాడి చేతిలో ఉండదు. కొండ మీదికి మెట్లు కట్టేవాడికి ఈ బాధ లేదు. అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్లే దారిలో 3,550 మెట్లున్నాయి. ఇంకో పది ఎక్కువైనా, పది తక్కువైనా కొండకు పట్టింపు లేదు. వాలు తగ్గినచోట మెట్టు పరుచుకుంటుంది, నిట్రంగా ఉన్నచోట దగ్గరవుతుంది. ఇంట్లో అలా కుదరదు. కింది నేల ఒకచోట, పై నేల ఒకచోట ఎప్పుడో కుదిరిపోయి ఉంటాయి. ఆ రెంటి మధ్య ఎడాన్ని సమాన భాగాలుగా కోయాలి. పూర్ణసంఖ్యలోనే కోయాలి, ఎందుకంటే అరమెట్టు అనేది లేదు.

కింది నేల నుంచి పై నేలకు పది అడుగులనుకుందాం, అంటే 120 అంగుళాలు. మెట్టు ఎత్తు ఏడు అంగుళాలైతే కాలికి సుఖం. 120ని ఏడుతో భాగిస్తే పదిహేడు వస్తుంది, పైన కొంచెం మిగులుతుంది. సరే, పదిహేడు మెట్లు. ఇప్పుడు 120ని 17తో భాగించాలి. ఏడు అంగుళాలు, ఆ పైన అంగుళంలో పదిహేడో వంతు. ఏ స్కేలు మీదా పదిహేడో వంతు గీత ఉండదు. పోనీ కదా అని ఏడంగుళాలే పెట్టుకుంటూ పోతే పదహారు మెట్లు బాగానే వస్తాయి. చివరి మెట్టు దగ్గర మిగిలిన అంగుళం అంతా ఒక్కసారిగా తేలుతుంది. పదహారు మెట్లు ఏడేసి అంగుళాలు, పదిహేడోది ఎనిమిది. చీకట్లో ఎక్కేవాడి కాలి బొటనవేలు ఆ అంగుళాన్ని వెతుక్కుంటూ వెళ్లి మరీ కొట్టుకుంటుంది.

మెట్ల కొలతల చరిత్రలో రెండు గొడవలు సమాంతరంగా నడిచాయి. మెట్టు ఎంత ఎత్తుండాలి, ఎంత వెడల్పుండాలి అన్నది పుస్తకాలు రాసినవాళ్ల గొడవ. ఆ ఎత్తు ఎంతైనా కానీ, అన్నీ ఒకేలా ఉండేట్టు ఎలా కోయాలి అన్నది కొట్టంలో పనిచేసేవాడి గొడవ. మొదటిదాని గురించి గ్రంథాలున్నాయి. రెండోదాని గురించి కొన్ని కర్రలు, కొన్ని గీతలు, కొద్ది చిట్కాలే మిగిలాయి. మనిషి కాలికి ఎక్కువ మేలు చేసింది మాత్రం ఆ కర్రలే.

పుస్తకాల సంగతి చూస్తే, అందరికన్నా ముందు కనిపించేవాడు విట్రూవియస్. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి. పైథాగరస్ పేర చలామణీ అయ్యే మూడు, నాలుగు, అయిదు కొలతల త్రిభుజం దేనికి పనికొస్తుందో చెబుతూ అతను మెట్లనే ఉదాహరణగా తీసుకున్నాడు. పై అంతస్తుకున్న ఎత్తును మూడు భాగాలు చేయండి, నేల మీద నాలుగు భాగాలు ముందుకు జరగండి, అక్కడ మెట్ల పక్కదూలం కాలు ఆనించండి, ఆ దూలం సరిగ్గా అయిదు భాగాల పొడవొస్తుంది అన్నాడు. అటూ ఇటూ తేడా రాని లెక్క. వర్గమూలాలతో పనిలేదు, ముడులు వేసిన తాడుంటే చాలు. ఆ లెక్కన మెట్టు తొమ్మిదంగుళాల ఎత్తైతే పాదం పెట్టే చోటు పన్నెండు. వాలు 37 డిగ్రీలు. ఇవాళ్టి ఇళ్లలోనూ అంత వాలు మెట్లు దొరుకుతాయి.

అదే విట్రూవియస్ గుడి మెట్ల దగ్గరికొచ్చేసరికి మాట మార్చాడు. రోమన్ అడుగును పన్నెండు భాగాలు చేస్తే మెట్టు ఎత్తు అందులో తొమ్మిదికి తగ్గకూడదు, పదికి మించకూడదు, పాదం పెట్టే చోటు అడుగున్నరకు తగ్గకూడదు, రెండడుగులు దాటకూడదు అన్నాడు. రోమన్ అడుగు 29.6 సెంటీమీటర్లు. అంటే ప్రతి మెట్టూ 22 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తు. ధోవతి లాంటి టోగా కట్టుకుని వాటినెక్కడం మెల్లగా, దర్జాగా చేయవలసిన పని. దేవుడి దగ్గరికి ఎవరూ పరుగెత్తరని అతని ఉద్దేశం కాబోలు.

తెలుగువాళ్లకు చప్పున తగిలే సంగతి ఆ పక్కనే ఉంది. గుడి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటాడు విట్రూవియస్. కారణం కూడా చెబుతాడు. మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టి మొదలెడితే, పైన గుడి నేల మీద పడేదీ కుడికాలే కావాలి. కొత్తకోడలు కుడికాలు ముందుపెట్టి గడప దాటే ఊళ్లలో, మెట్లు బేసిలో ఉన్నాయా లేదా అని ఇంటాయన మేస్త్రీని మూడుసార్లు అడిగే ఊళ్లలో, ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అయితే అలా అడిగినప్పుడు మేస్త్రీకీ యజమానికీ మధ్య తగువు మొదలయ్యేది లెక్కలో కాదు, దేన్ని లెక్కపెట్టాలన్న దగ్గర. పైకి లేచే ఎత్తులు పదిహేడుంటే మధ్యలో పాదం పెట్టే పలకలు పదహారే. పదిహేడోసారి కాలు పడేది పై అంతస్తు నేల మీద. పలకలు లెక్కపెట్టినాయన సరిసంఖ్య అంటాడు, ఎత్తులు లెక్కపెట్టినాయన బేసి అంటాడు. కుడికాలే మొదలు, కుడికాలే చివర కావాలన్న విట్రూవియస్ షరతు పట్టుకుంటే మాత్రం సందేహం లేదు, లెక్కపెట్టవలసినవి ఎత్తులే.

రోమన్ ఇళ్లలో చెక్కమెట్లు ఎలా ఉండేవో ఊహించుకోనక్కర్లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై హెర్క్యులేనియం పట్టణాన్ని పాతిపెట్టినప్పుడు, అక్కడి ఇళ్ల దూలాలూ తలుపులతో పాటు కొన్ని చెక్కమెట్లు కూడా బొగ్గులా మారి అలాగే నిలిచిపోయాయి. ఆ తర్వాత చాలా శతాబ్దాలు యూరప్ పల్లెల్లో మెట్లంటే మొద్దులే. చదరపు దుంగను మూల నుంచి మూలకు నిలువునా కోస్తే రెండు త్రికోణపు మొద్దులొస్తాయి. వాటిని రెండు వాలుదూలాల మీద వరసగా పేర్చి మేకులు కొడితే మెట్లయ్యాయి. కలప దండిగా ఉన్న కాలం, లెక్కతో పొదుపు చేయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. పదిహేడో శతాబ్దం మొదటికి ఇంగ్లండ్ జమీందారీ భవనాల్లో మెట్లు వైభవానికి గుర్తులయ్యాయి. 1611లో పూర్తయిన హాట్‌ఫీల్డ్ హౌస్‌లో ఓక్ చెక్క మెట్ల అడుగున గేటు కూడా పెట్టారు, వేటకుక్కలు పైకెక్కి పడకగదుల్లో జొరబడకుండా.

ఇటలీలో అల్బర్టి, పల్లాడియో అనే వాస్తుశిల్పులిద్దరూ మెట్ల మీద రాశారు. అల్బర్టికి మెట్లంటే విసుగు. ఇంట్లో అవి ఎంత తక్కువుంటే, ఎంత తక్కువ చోటు తింటే అంత మంచిదన్న ధోరణి. పాత శిల్పులు వరసగా ఏడు, మహా అయితే తొమ్మిది మెట్లకు మించి పెట్టేవారు కాదని చెప్పాడు. వాస్తువిద్య మీద 1570లో అచ్చయిన తన నాలుగు గ్రంథాల్లో పల్లాడియో దాన్ని పదకొండుకో పదమూడుకో పెంచి, ఆ తర్వాత ఒక చదును ఉండాలన్నాడు. ముసలివాళ్లు ఊపిరి తీసుకోవడానికి, పైనుంచి ఏదైనా జారిపడితే అది అక్కడ ఆగడానికి. ఈ రెండో కారణం చెప్పినవాడు ఇంట్లో బరువులు మోయడం చూసినవాడే అయి ఉండాలి.

ఇక అసలు సూత్రం.

ఫ్రాన్స్వా బ్లాండెల్ సైనిక ఇంజినీరు, రాయబారి, గణితవేత్త. పారిస్‌లో సెయింట్ డెనీ ద్వారం కట్టించింది అతనే. 1671లో పద్నాలుగో లూయీ రాజు వాస్తువిద్యకంటూ ఒక అకాడమీ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి అయ్యాడు. అక్కడ చెప్పిన పాఠాలు 1675 నుంచి 1683 వరకూ పుస్తకాలుగా వచ్చాయి. అంతకుముందువాళ్లు మెట్టుకు కొలతలు చెప్పారు గానీ, ఆ కొలతలే ఎందుకో చెప్పలేదు. బ్లాండెల్ అక్కడ మొదలెట్టాడు. మనిషి చదును నేల మీద సుఖంగా నడిస్తే ఒక్కో అడుగూ ఎంత దూరం పడుతుంది? ఇరవైనాలుగు అంగుళాలు. నిటారుగా నిలబెట్టిన నిచ్చెన ఎక్కితే మెట్టుకీ మెట్టుకీ మధ్య సుఖమైన ఎడం ఎంత? పన్నెండు. అంటే పైకి ఒక అంగుళం లేవడానికయ్యే శ్రమ, ముందుకు రెండంగుళాలు నడిచే శ్రమతో సమానం. అందువల్ల మెట్టు ఎత్తును రెట్టింపు చేసి, దానికి పాదం పెట్టే వెడల్పు కలిపితే ఇరవైనాలుగు రావాలి. ఎత్తు ఆరైతే వెడల్పు పన్నెండు. ఎత్తు ఏడైతే వెడల్పు పది. ఎత్తు సున్నా అయితే నేల, వెడల్పు సున్నా అయితే నిచ్చెన.

ఇంత పొందికైన సూత్రం గృహనిర్మాణ శాస్త్రంలో అరుదు. నిచ్చెననూ నేలనూ ఒకే గీత మీద రెండు కొసలుగా నిలబెట్టి, ప్రపంచంలోని మెట్లన్నింటినీ ఆ మధ్యన సర్దేసింది. మూడున్నర శతాబ్దాలైనా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంకా అదే చెబుతారు. ఇంగ్లండ్ భవన నిబంధనల్లో ఇవాళ్టికీ ఎత్తుకు రెట్టింపు, వెడల్పు కలిపి 550 నుంచి 700 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. అది బ్లాండెల్ చేతిరాతే.

ఒక్క చిక్కుంది. బ్లాండెల్ చెప్పిన అంగుళం ఫ్రెంచి రాజుగారి అంగుళం. అది 2.7 సెంటీమీటర్లు. అలాంటివి ఇరవైనాలుగు చేరితే 65 సెంటీమీటర్లు. ఫ్రెంచి విప్లవం తర్వాత మీటర్లొచ్చాయి, పాత అంగుళం పోయింది. సూత్రం మాత్రం ఇరవైనాలుగు అనే అంకెతో సహా సముద్రం దాటి అమెరికా వడ్రంగుల నోట పడింది. వాళ్ల అంగుళం 2.54 సెంటీమీటర్లు. ఇరవైనాలుగు పెట్టుకుంటే 61. అంకె అదే, మెట్టు దగ్గర నాలుగు సెంటీమీటర్లు మాయం. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాడి కన్నా పొడుగరి అయిన ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్‌కు అతని కన్నా చిన్న మెట్టు దక్కింది. సూత్రాన్ని గుడ్డిగా నమ్మడంలో ఉండే ప్రమాదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

సూత్రం తెలిశాక కూడా అంగుళంలో పదిహేడో వంతు అలాగే మిగిలి ఉంది. దాన్ని సాధించింది ఒక కర్ర. యూరప్ వడ్రంగి ఇంటికొచ్చి టేపుతో ఎత్తు కొలిచి కాగితం మీద రాసుకునేవాడు కాదు. నిటారైన సన్నటి కర్రనొకదాన్ని కింది నేల మీద నిలబెట్టి, పై నేల ఎక్కడికొచ్చిందో దాని మీద గీత పెట్టుకునేవాడు. అడుగులెన్ని, అంగుళాలెన్ని అన్న ప్రశ్నే లేదు. ఆ కర్రే ఎత్తు. కొట్టానికి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి, కొలకంపాసును ఏడంగుళాలకు కాస్త ఎక్కువగా తెరిచి, అడుగు నుంచి గీత దాకా నడిపించేవాడు. ఒకటి, రెండు, మూడు… పదిహేడు. గీత దాటిపోతే కంపాసును వెంట్రుకవాసి మూసేవాడు. గీత అందకపోతే వెంట్రుకవాసి తెరిచేవాడు. నాలుగైదుసార్లు నడిపాక పదిహేడో అడుగు సరిగ్గా గీత మీద పడుతుంది. పదిహేడో వంతును అతను లెక్కగట్టలేదు, అంకెగా రాయలేదు, ఆ అవసరమూ లేదు. కంపాసు కాళ్ల మధ్య ఉంది.

తర్వాత అచ్చు. పలచటి చెక్కను లంబకోణ త్రిభుజంగా కోస్తారు. ఒక భుజం మెట్టు ఎత్తు, రెండోది పాదం పెట్టే వెడల్పు. వాలుగా ఉండే మూడో అంచును మెట్ల పక్కబల్ల అంచుకు ఆనించి గీస్తే ఒక మెట్టు వస్తుంది. అచ్చును జరిపి మళ్లీ గీస్తే రెండోది. పక్కబల్ల రెండుగజాలుండనీ, ఆరుగజాలుండనీ, పని ఇదే. గీసేటప్పుడు మొన సన్నగా ఉన్న కత్తి వాడేవారు, ఎందుకంటే పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, పదిహేడుసార్లు ఆ మందం పోగవుతుంది.

అమెరికాలో ఈ అచ్చు పనిని ఉక్కు మూలమట్టం మింగేసింది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో వెర్మాంట్ రాష్ట్రం షాఫ్ట్స్‌బరీలో సైలస్ హావెస్ అనే కమ్మరి పాత రంపపు బద్దలను అతికించి లంబకోణపు బద్దలు చేశాడని చెబుతారు. ఒక చేయి 24 అంగుళాలు, రెండోది 16. ఊళ్లో మొదలైన ఆ పని కొన్నేళ్లలో పరిశ్రమ అయింది. ఒక చేతి మీద ఏడు గుర్తుపెట్టుకుని, రెండో చేతి మీద పది గుర్తుపెట్టుకుని, ఆ రెండు గుర్తులూ బల్ల అంచున కూర్చునేట్టు పెడితే అచ్చుతో పనిలేకుండానే మెట్టు వచ్చేస్తుంది. ఇంటి కప్పు వాసాలూ అంతే. లెక్కలు రాని మనిషి చేతిలో త్రికోణమితి పెట్టిన పనిముట్టు అది. ఒక ఊళ్లో చేసిన మెట్టు ఇంకో ఊళ్లో అదే కొలతతో రావడం అప్పటినుంచే తేలికైంది. అమెరికాలో చెక్కతో కట్టిన ఇళ్లలో కాపురముండే తెలుగువాళ్లు రోజూ ఎక్కి దిగే మెట్లు చాలావరకు ఈ పద్ధతికి వారసులే.

మెట్లు నేరుగా ఉన్నంతవరకూ ఇదంతా సులువే. గోడ వెంబడి గుండ్రంగా తిరుగుతూ, నడుమ స్తంభం లేకుండా పైకి లేచే మెట్లు పద్దెనిమిదో శతాబ్దపు ధనవంతులకు మోజయ్యాక వడ్రంగి నిజంగా చిక్కుల్లో పడ్డాడు. మెట్లు ఎలాగో చేయవచ్చు. వాటి వెంట పాములా మెలితిరుగుతూ వెళ్లే చేపట్టు కర్రను దేన్నుంచి కోయాలి? అడ్డదిడ్డంగా పెద్ద మొద్దు తెచ్చి, మెలిక వచ్చేదాకా చెక్కుకుంటూ పోవడం పాత పద్ధతి. సగం కలప చెత్తయ్యేది. స్కాట్లండ్‌లో రాతిపనివాడి కొడుకుగా పుట్టి, బల్లలూ బీరువాలూ చేసే పని నేర్చుకున్న పీటర్ నికల్సన్ దీనికి దారి చూపాడు. గుండ్రటి స్తంభాన్ని వాలుగా కోస్తే ఏ ఆకారం వస్తుందో కాగితం మీద గీయగలిగితే, ఆ మెలికను మామూలు పలక నుంచే, తక్కువ కలపతో కోయవచ్చు. 1792లో వచ్చిన అతని వడ్రంగుల మార్గదర్శిలో ఆ గీతలున్నాయి. 1820లో కేవలం మెట్ల మీదా చేపట్టుల మీదా ఒక పుస్తకమే రాశాడు. పని నేర్చేవాళ్లకు రాత్రిపూట పాఠాలు చెప్పి బతికిన మనిషి, యూరప్ జ్యామితిని కొట్టంలోకి దించాడు.

ఇలాంటి మెట్లు ఎంత అబ్బురమో తెలియాలంటే అమెరికాలోని శాంటాఫే వెళ్లాలి. అక్కడి లొరెటో ప్రార్థనాలయం 1878లో పూర్తయింది. పాటగాళ్లు నిలబడే అటకకు మెట్లు పెట్టడానికి మాత్రం చోటు మిగల్లేదు. సన్యాసినులు తొమ్మిది రోజులు ప్రార్థన చేస్తే ఎవరో ముసలి వడ్రంగి గాడిద మీద వచ్చి, మెట్లు కట్టి, కూలి అడక్కుండా మాయమయ్యాడని, వచ్చినవాడు సాక్షాత్తూ జోసెఫ్ మహనీయుడేనని ఐతిహ్యం. 33 మెట్లు, రెండు పూర్తి చుట్లు, నడుమ స్తంభం లేదు. మొదట్లో పట్టుకోవడానికి చేపట్టు కూడా లేదు, సన్యాసినులు భయంతో మోకాళ్ల మీద దిగేవారంటారు. 1887లో చేపట్టు బిగించారు. చాలాకాలం తర్వాత మేరీ జీన్ స్ట్రా కుక్ అనే చరిత్రకారిణి పాత పత్రికలూ పద్దులూ తిరగేసి, ఆ మెట్లు కట్టింది ఫ్రాన్స్వా జాన్ రోషా అనే ఫ్రెంచి వడ్రంగి అని తేల్చింది. అతని హత్య తర్వాత, 1895లో, స్థానిక పత్రిక ఆ మెట్ల సంగతి రాసింది. సుమారు 20 అడుగుల ఎత్తును 33తో భాగిస్తే ఏడంగుళాల పైన పావు. జోసెఫ్ మహనీయుడైనా, ఫ్రెంచివాడైనా, అదే ఏడు దగ్గర ఆగాడు.

తెలుగు నేల మీద చెక్కమెట్ల కథ వేరేగా నడిచింది. ఇక్కడి పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ప్రధానంగా నేల మీద బతికే ఇళ్లు. పైన అటకో, ఒక గదో ఉంటే అది ధాన్యానికీ, పచ్చడి జాడీలకూ, పెళ్లిళ్లకు దించే ఇత్తడి సామానుకూ. అందుకే చాలాచోట్ల పైకి వెళ్లే మెట్లు గోడ వారన ఇరుకుగా, నిట్రంగా, నిచ్చెనకు కాస్త మెరుగ్గా ఉండేవి. వాటిని కొలిచింది బ్లాండెల్ సూత్రంతో కాదు, జానతో, బెత్తెడుతో, మూరతో. కట్టేవాడి చెయ్యి, ఎక్కేవాడి కాలు ఒకే ఊరివి కాబట్టి అదీ సరిపోయేది. కోస్తాలో కాస్త కలిగినవాళ్లకు మంచి చెక్క బంగాళాఖాతం అవతలి నుంచి వచ్చింది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాదిమంది తెలుగు కూలీలు రంగూన్ వెళ్లేవారు. అక్కడివాళ్లు వీళ్లను కోరంగి రేవు పేరు పెట్టి కోరంగీలనే పిలిచారు. అటు మనుషులు వెళ్తే, ఇటు టేకు వచ్చింది. పాత మేడల్లో స్తంభాలూ తలుపులూ మెట్లూ బర్మా టేకువని చెప్పుకోవడం ఇప్పటికీ గొప్పే.

ఆ తర్వాత సిమెంటూ ఇనుమూ వచ్చి చెక్కమెట్లను తుడిచిపెట్టాయనుకుంటారు. సగమే నిజం. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో శ్లాబు పోసే ఇంటి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, ప్రతి సిమెంటు మెట్లవరసకూ ముందు అక్కడ చెక్కమెట్లు ఉంటాయి. సెంట్రింగ్ మేస్త్రీ గోడ మీద కింది గీత, పై గీత పెడతాడు. రంగు పూసిన తాడు లాగి వాలుగీత కొడతాడు. మధ్య ఎడాన్ని మెట్లుగా విభజించి, ఒక్కో మెట్టు ముందూ అడ్డపలక బిగిస్తాడు. పలకలన్నీ బిగిశాక, మాలు పడకముందు, కొద్ది గంటలు అక్కడ చెక్కతో చేసిన మెట్ల అచ్చు ఒకటి నిలబడి ఉంటుంది. మూడు వారాలకు దాన్ని పీకి ఇంకో ఇంటికి తీసుకుపోతారు. హాల్‌స్టాట్ వడ్రంగి ముక్కలు మోసుకెళ్లి బిగించినట్టే ఉంటుంది ఆ తంతు. కొలతలకు ఇప్పుడు జాతీయ భవన నిర్మాణ నియమావళి ఉంది. నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదు, పాదం పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదు. మిగతా భవనాల్లో 150, 300. ఈ రెండు జంటలకూ బ్లాండెల్ లెక్క కడితే 630, 600 వస్తాయి.

నియమావళిలో అంకెలున్నాయి సరే, అన్నీ సమానంగా ఉన్నాయా అన్నది ఎవరు చూస్తారు? 2012లో న్యూయార్క్‌లో డీన్ పీటర్సన్ అనే సినిమా దర్శకుడు బ్రూక్లిన్‌లోని 36వ వీధి సబ్‌వే స్టేషన్ మెట్ల దగ్గర కెమెరా పెట్టి కూర్చున్నాడు. ఆ మెట్లలో ఒక్కటి మిగతావాటికన్నా అంగుళంలో ఎంతో కొంత ఎత్తు. ఒకరి తర్వాత ఒకరు, ఆఫీసుకెళ్లేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ అదే మెట్టు దగ్గర తూలుతున్నారు. వీడియో బయటికొచ్చాక ఆ మెట్లు మూసి బాగుచేశారు. మనిషి రెండు మూడు మెట్లెక్కేసరికి కాలు ఆ ఎత్తును బట్టీ పట్టేస్తుంది. ఆపైన కన్ను చూడదు, కాలు నమ్ముతుంది. మెట్లన్నీ తొమ్మిదేసి అంగుళాలున్నా ఆయాసపడుతూ ఎక్కేస్తారు. ఒక్కటి అరంగుళం తేడా వస్తే పడతారు. అమెరికా నివాస నిబంధనల్లో ఒకే వరసలో అన్నింటికన్నా ఎత్తైన మెట్టుకూ పొట్టిదానికీ తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు దాటకూడదని రాసిపెట్టింది అందుకే.

ఆ తేడా ఎక్కువగా దొర్లేది నడుమ మెట్లలో కాదు, మొదటిదానిలో, చివరిదానిలో. కారణం గీతల్లో కనిపించదు. పక్కబల్లకు అన్ని గాట్లూ సమానంగా కోసి నిలబెట్టి, వాటి మీద అంగుళం మందం పలకలు పరిచారనుకుందాం. ప్రతి పలకా అంగుళం లేస్తుంది. నడుమ మెట్లకు ఏమీ కాదు, కిందిదీ పైదీ రెండూ లేచాయి కాబట్టి తేడా రాదు. కింది నేల మాత్రం లేవలేదు, మొదటి మెట్టు అంగుళం పెరిగింది. పై నేల కూడా కదల్లేదు, ఆఖరి మెట్టు అంగుళం తగ్గింది. అందుకే అనుభవమున్న వడ్రంగి గాట్లన్నీ కోశాక పక్కబల్ల అడుగున పలక మందమంత ముక్క కోసి పారేస్తాడు. చూసేవాడికి చెక్క పొట్టి చేసి పాడుచేస్తున్నట్టుంటుంది. సిమెంటు మెట్లకు ఇదే లెక్క ఇంకాస్త ముదురుతుంది, ఎందుకంటే కింది హాల్లో మార్బుల్, మెట్ల మీద గ్రానైట్, పై గదిలో టైల్స్, వాటి కింద మాలు ఒక్కోచోట ఒక్కో మందం. హాల్లో రాయీ మాలూ కలిసి మూడంగుళాలు లేచి, మెట్టు మీద ఒకటిన్నరే లేస్తే మొదటి మెట్టు అంగుళన్నర కుంగిపోతుంది. ఇవన్నీ ఇల్లు సగం కట్టాక, ఆడవాళ్లు షోరూముకెళ్లి రాయి చూసి వచ్చాక, మారుతూ ఉంటాయి. తెలిసిన సెంట్రింగ్ మేస్త్రీ గోడ మీద మొదటి గీత పెట్టబోతూ ఆగి ఇంటాయన్ని అడిగేది దాని గురించే, మెట్లు ఎన్ని అని కాదు. కింద ఏ రాయి వేయిస్తున్నారు, పైన ఏ రాయి?